జెనీవా గడియారము

స్విట్జర్లండు దేశమందలి జెనీవా నగరమున ఆర్వ్ నదిపై, లోహపు వలయములను పెనవేసినట్లుండు వంతెన యొకటి గలదు. 2012లో దెఱచిన యావంతెనకు రోలెక్స్ గడియారముల కర్తయగు హాన్స్ విల్స్‌డార్ఫ్ పేరు పెట్టిరి. దానిని జూచి మేము దలచుకొన్నది మాత్ర మొక స్త్రీని.

విల్స్‌డార్ఫ్ 1905లో లండనున వర్తక మారంభించి, పిదప జెనీవా చేరెను. 1926లో నీరు చొరని చేతిగడియారమును దెచ్చెను. ఆ మాట నెవరు నమ్ముదురు?

1927 అక్టోబరు 7న మెర్సిడెస్ గ్లైట్జె అను లండను టైపిస్టు, ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రమును ఈదెను. బ్రిటిషు స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. అంతలో వేఱొకతె తానును ఈదితినని బొంకగా, లోకము ఈమెను గూడ శంకించెను. సోదరీమణులారా, ఒకతె కల్లకు మఱియొకతె జవాబు చెప్పవలసివచ్చుట మన కెఱుకయే గదా! 21వ తేదీన ఆమె చలినీట మరల దిగెను. విల్స్‌డార్ఫ్ ఇచ్చిన గడియారము ఆమెవద్ద నుండెను. పది గంటలకు పైగా నీది సొమ్మసిల్లగా పడవలోని కెత్తిరి. గట్టు చేరలేదు, ఐనను శంక తీరెను. గడియారము నిలువలేదు.

నవంబరు 24న డెయిలీ మెయిల్ పత్రిక మొదటిపుటలో ఆ గడియారపు ప్రకటన వెలువడెను. అందామె పేరును గలదు. సాహసికులకు గడియారమిచ్చి, వారి సాహసముతోబాటు దానిని చాటుట పిమ్మట నాసంస్థకు పరిపాటియయ్యెను.