వాన పడితే ఫోను ఎత్తగలగాలి

మా మామగారు సాగర్ ప్రాజెక్టు ఉద్యోగంలో విజయపురి సౌత్ వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలిన రోజు జనం ఎలా వచ్చారో జీవితాంతం చెప్పారు గానీ, సొంతానికి ఒక గది కట్టుకోలేదు. "జిల్లాలకి నీళ్లిచ్చాం, మనకో కుళాయి లేదు" అని నవ్వేవారు. ఆ నవ్వు వెనక బాధ నాకు కాపురానికొచ్చిన కొత్తలోనే అర్థమైంది.

అందుకే 2011లో మాచర్లలో ఒక చిన్న డాబా ఇల్లు అమ్మకానికి వస్తే, మా అమ్మ పెట్టిన గొలుసూ గాజులూ తీసి మా ఆయన చేతిలో పెట్టాను. మూడు సెంట్ల స్థలం, రెండు గదులు, వంటిల్లు, నాపరాళ్ల గచ్చు. మేం ఉండటానికి కాదు, అద్దెకిచ్చి, పిల్లల చదువు అయ్యేదాకా ఉంచుకోవాలని. బంగారం నాది కనుక ఇల్లు నా పేరు మీదే రాయించారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2021 చివర్లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పూతలో దూరి, పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. మా మరిది నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. సంక్రాంతికల్లా చేలో కాయ లేదు, మీద ఎనిమిది లక్షల అప్పు మాత్రం ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ.

ఒక రాత్రి మా తోటికోడలు ఫోను చేసింది. "అక్కా, ఈయన రాత్రిపూట చేలోకి వెళ్లొస్తానంటే నాకు భయమేస్తోంది. పిల్లోణ్ణి కూడా వెంట పంపిస్తున్నా" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. పల్నాడులో పుట్టిన ఆడదానికి అంతకన్నా చెప్పక్కర్లేదు.

మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ, "మాచర్ల ఇల్లు..." అని ఆగారు. సంతకం నాది. వద్దంటే వద్దు. నేను వెంటనే సరే అనలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మా అమ్మ గొలుసు కళ్లముందు కదిలింది. మధ్యాహ్నం దాకా వంటింట్లో గిన్నెలమీద కోపం తీర్చుకున్నాను. సాయంత్రం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

ఎనిమిది లక్షలకి నెల వడ్డీ 16 వేలు. ఆ ఇంటి మీద మాకొచ్చే అద్దె 4,500. అంటే ఇల్లు అట్టే పెట్టుకున్న ప్రతి నెలా మా రెండు కుటుంబాల చేతుల్లోంచి 11,500 జారిపోతున్నట్టే. "మంచి రేటు వచ్చేదాకా ఆగుదాం" అనే మాటకి ధర ఎంతో అప్పుడు తెలిసింది. ఆర్నెల్లు ఆగితే దాదాపు లక్ష వడ్డీకే పోతుంది. తొందరగా అమ్మాల్సినవాళ్లు ముందు వేసుకోవాల్సిన లెక్క ఇంటి రేటు కాదు, ఆలస్యం రేటు.

ముందు కాగితాలు బయటికి తీశాం. మా దస్తావేజు, దాని వెనక ఉన్న లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు. ఒక ఏడాది పన్ను కట్టడమే మర్చిపోయాం. అది కట్టేశాం. మీసేవలో ఈసీ తీయించాం. కొనేవాళ్లు అడిగాక వెతుక్కోవడం కన్నా, అడగకముందే ఫైలు చేతిలో పెట్టడం మంచిది. మేం ఈ పనిలో ఉండగానే 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. గుంటూరు జిల్లాలో కొన్న ఇంటిని కదలకుండా పల్నాడు జిల్లాలో అమ్మాం.

తర్వాత అద్దెకున్నావిడ సంగతి. ఎనిమిదేళ్లుగా ఉంటోంది, మిషను కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. పెద్దవాడికి పదో తరగతి పరీక్షలు. "ఖాళీ ఇల్లయితే తొందరగా పోతుంది, పంపించేయండి" అన్నాడు మధ్యవర్తి. నేను వెళ్లి ఆమెతో ఉన్నదున్నట్టు చెప్పాను. పరీక్షలయ్యేదాకా కదలక్కర్లేదు, అడ్వాన్సు మొత్తం ఆరోజే ఇస్తాం, ఈలోగా ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లని రానివ్వాలి అన్నాను. ఆమె కాసేపు గుడ్డమీద చాక్‌పీసుతో గీతలు గీస్తూ ఉండిపోయి, "సరే అక్కా" అంది.

ఇక ఇంటి పని. ఏప్రిల్ ఎండలో, అదీ రెంటచింతల పక్కన, ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున మొదటి బస్సుకి వెళ్లి, ఎండ ముదిరేలోగా పని ముగించుకుని వచ్చేదాన్ని. ప్రహరీకి, పెరటి గోడలకి పిడుగురాళ్ల సున్నం. ముందు గదికి మాత్రం రంగు. నాపరాళ్ల సందుల్లో సిమెంటు నింపించి, రాళ్లు నిమ్మచెక్కా బ్రష్షూ పెట్టి నేనే రుద్దాను. (నాపరాయికి యాసిడ్ పోయకండి, రాయి తినేస్తుంది. నిమ్మచెక్క కూడా రాసి ఉంచకూడదు, వెంటనే కడిగేయాలి.) కారే కుళాయి, బిగుసుకుపోయిన గడియ, వెలగని వీధి లైటు బాగుచేయించాం. పెద్ద ఖర్చేమీ పెట్టలేదు. తొందరలో అమ్మే ఇంటికి కొత్త టైల్సు వేస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

అన్నీ అయ్యాయి, పడకగది పైకప్పు మిగిలింది. ఒక మూల చాప వెడల్పున చెమ్మ మరక. వానాకాలంలో అక్కడ కారుతుంది. మేస్త్రి తల గోక్కుని, "లప్పం పెట్టి రంగు కొట్టేద్దామమ్మా. ఇప్పుడు ఎండాకాలం. జూలై దాకా ఎవరికీ కనపడదు" అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నెలకి 16 వేలు నాకూ గుర్తే. నేనూ మాట్లాడలేదు. కొట్టమనలేదు, వద్దనలేదు.

అప్పుడు మిషను ఆపి ఆమె అడిగింది. "అక్కా, వాళ్లు నన్నడిగితే కారుతుందని చెప్పనా, వద్దా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర రెండో జవాబు లేకపోయింది. నా ఇల్లు అమ్ముకోవడం కోసం ఆమె చేత అబద్ధం ఆడించాలా? వాళ్ల పిల్లవాడు పక్కనే చదువుకుంటున్నాడు. "చెప్పమ్మా" అన్నాను. మేస్త్రిని మరక అలాగే వదిలేయమన్నాను.

మొదట వచ్చినాయన మరక చూసి, మళ్లీ ఫోను చేయలేదు. మా ఆయన ఆ వారమంతా నాతో ముక్తసరిగానే మాట్లాడారు. రెండోసారి వచ్చింది చిన్న ఉద్యోగం చేసుకునే భార్యాభర్తలు. ఈసారి ముందే డాబా మీద నీళ్లు పోయే గొట్టం మూసి, రెండు అంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచాం. ఆ మూల ఒక్కచోటే చెమ్మ దిగింది. మిగతా శ్లాబంతా పొడిగా ఉంది. వాళ్లని నిలబెట్టి అదే చూపించాం. ఆవిడ మాత్రం నన్ను వదిలేసి, కుట్టుపనావిడ దగ్గర కూర్చుని అరగంట మాట్లాడింది. నీళ్లు ఎప్పుడొస్తాయి, పక్కింటివాళ్లెలాంటివాళ్లు, ఎండ ఎటు కొడుతుంది. ఇల్లు అమ్మింది ఆ అరగంటే అని నా నమ్మకం.

రిపేరు కింద 30 వేలు తగ్గించమన్నారు, తగ్గించాం. రెండు నెలల వడ్డీ కన్నా అది తక్కువే. డబ్బంతా బ్యాంకు ద్వారానే తీసుకున్నాం. ఇల్లు, స్థలం అమ్మినప్పుడు 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. పరీక్షలైన మర్నాడే ఆమె రెండు వీధుల అవతల ఇంటికి మారింది. మే నెలలో రిజిస్ట్రేషను. వేలిముద్ర వేసి సంతకం పెడుతుంటే చెయ్యి కొంచెం ఆగింది. కాగితం మీద ఏమీ తెలియదులెండి.

మా మరిది అప్పు తీరింది. ఇంటికి వచ్చి, "వదినా" అని తల దించుకుని నిలబడ్డాడు. నాకూ మాటలు రాలేదు, అన్నం పెట్టాను. నా గొలుసు సంగతి మర్చిపోయానని అనను. పెళ్లిళ్లలో మెడ తడుముకున్నప్పుడు గుర్తొస్తుంది. కానీ తోటికోడలి దగ్గర్నుంచి రాత్రిపూట ఫోన్లు ఆగిపోయాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.

జూలైలో ఒక సాయంత్రం కృష్ణ మీద మబ్బు పట్టి, వాన దంచికొట్టింది. కాసేపటికే ఫోను మోగింది. కొన్నావిడ నంబరు. మా ఆయన నా ముఖం చూశారు. మరక మీద రంగు కొట్టి ఉంటే ఆ ఫోను నేను ఎత్తేదాన్ని కాదు.

ఎత్తాను. "ఆంటీ, పెరటి లైటు స్విచ్ ఎక్కడుందండీ? కరివేపాకు కోసుకుందామంటే చీకట్లో కనపడట్లేదు" అంది.

వంటింటి తలుపు వెనక, అని చెప్పాను.