కొయ్యవేణువు మా యింటికి వచ్చిన వేళ

వేణువనగానే తెలుగువారికి వెదురే స్ఫురించును. విళాత్తికుళపు నల్లరేగడి నేలను నమ్ముకొని తరతరములుగా నిలిచిన మా కుటుంబములలోను పిల్లనగ్రోవి యనిన వెదురుదే. అట్టి మా యింటికి ఐర్లండు దేశపు కొయ్యవేణువొకటి, నాలుగేండ్ల నిరీక్షణకు పిమ్మట, 2020 ఫిబ్రవరిలో చేరినది. ఆ యానందమును సోదర కుటుంబములతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఈ వాద్యపు చరిత్ర వినదగినది. 19వ శతాబ్ది ప్రథమార్ధమున ఐరోపా కచేరీలలో వాడుకలో నున్నది ఇట్టి కొయ్యవేణువే. 1847లో జర్మనీ దేశీయుడు థియోబాల్డ్ బోమ్ మీటలతో కూడిన క్రొత్త వేణువును రూపొందించెను. తరువాత విద్వాంసులు క్రమముగా పాతవానిని విడనాడిరి. అవి చౌకగా ఐర్లండు పల్లెవాసుల చేతికి వచ్చినవి. నగరము వలదన్న దానిని పల్లె దాచుకొన్నది. నేటికిని అక్కడి జానపద నృత్యగీతములకు ఆ వేణువే ప్రాణము.

మేము కోరినది తూర్పు ఆఫ్రికాలో పెరుగు నల్లని చేవకొయ్యతో చేసినది. ఆ చెట్టు మన ఇరుగుడు చెట్టుకు దగ్గరి చుట్టము. పనివాడు ఒక్కొక్క వేణువును చేతితోనే తీర్చును గనుక ముందు కోరినవారి వరుస గడచువరకు వేచియుండవలెను. ఇంతలో 2017లో ఆ జాతి వృక్షములన్నిటిపై అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు వచ్చినవి. తయారైన సంగీత వాద్యములకు 2019 నవంబరులో మినహాయింపు లభించినది. అడవులు నిలుచుటకు ఏర్పడిన నియమము గనుక మేము విసుగు చెందలేదు. కాని తపాలా బంట్రోతు వీధిలోనికి వచ్చినపుడెల్ల మా చూపు అతని సంచిపైననే యుండెడిది.

పెట్టె విప్పగా మూడు తునకలు కనబడినవి. వానిని కూర్చి, ఆరు రంధ్రములను మూసి ఊదితిమి. మొదట గాలియే వచ్చినది. పెదవి కుదిరిన పిదప వెదురు కంటె బరువైన, గంభీరమైన నాదము పలికినది. క్రింది నుండి ఒక్కొక్క వ్రేలు ఎత్తగా శంకరాభరణ స్వరములు వరుసగా వినవచ్చినవి. ఆ దినము మా యింట భోజనవేళ ఎవరికిని జ్ఞాపకము రాలేదు. క్రొత్త కొయ్యను తొలివారములలో దినమునకు పది పదునైదు నిముషములకు మించి ఊదరాదు. బాదము నూనెతో తడుపుచుండవలెను. మా యూరి ఎండగాలికి అశ్రద్ధ చేసినచో బీట వారును.

పరదేశ వాద్యము మనకెందుకని కొందరు బంధువులడిగిరి. సమాధానము మా పొరుగున నున్న ఎట్టయాపురముననే కలదు. వయొలీనును కర్ణాటక సంగీతమునకు తెచ్చిన బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థాన విద్వాంసులు. వారి యన్నగారైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడనే సిద్ధి పొందిరి. వారు పాశ్చాత్య వరుసలకు శంకరాభరణమున సంస్కృత సాహిత్యము కూర్చిరి, అవియే నొట్టుస్వరములు. ఐర్లండు, స్కాట్లండు జానపద వరుసలును వానిలో కలవని సంగీతజ్ఞులందురు. సుబ్బరామ దీక్షితులు 1905లో తమ ప్రథమాభ్యాస పుస్తకమున 30కి పైగా నొట్టుస్వరములను ప్రకటించిరి. అది తెలుగు లిపిలోని గ్రంథము!

ఆ గ్రంథపు ప్రతిని ముందుంచుకొని మేము ఊదుచుండగా మా మనుమరాలు వచ్చి కూర్చుండెడిది. ఇంటిలో మాటలాడునది తెలుగు, బడిలో చదువునది తమిళము. మన పిల్లలలో పెక్కుర స్థితి ఇదియే గదా. ఒకనాడామె పుటపై వ్రేలుంచి, "తాతా, ఇది ఏమి అక్షరము?" అని యడిగినది. "అది సరిగమలలోని స, అమ్మా" అంటిమి. ఆ యేడు మార్చిలో బడులు మూతపడినవి. స, రి, గ, మ, ప, ద, ని యను నేడింటితో ఆరంభమైన చదువు, బడులు తెరచులోపల సాహిత్యపు పంక్తులను కూడబలుకుకొని చదువు వరకు వచ్చినది.

వేణువు కొరకు నాలుగేండ్లు వేచితిమి. దానితోపాటు మా యింటికి లిపియు వచ్చునని తలంపలేదు. మన సంఘములు సంగీతము నేర్పుచోట తెలుగు లిపిలోని స్వరపుస్తకమును కూడ పిల్లల ముందుంచిన బాగుండును. ఏడక్షరములు తెలిసిన బిడ్డ తక్కినవానిని తానే అడిగి తెలిసికొనును.