పదంకెల సంఖ్య – మా స్టడీ అవర్

హాస్టల్ అనగానే చాలామందికి నీళ్ల చారు, ట్రంకు పెట్టె, కుళాయి దగ్గర క్యూ గుర్తొస్తాయి. మాకూ అవన్నీ గుర్తే. కానీ మా పదో తరగతి బ్యాచ్ ఎక్కడ కలిసినా ముందు వచ్చే మాట 4294967297.

2004 జనవరి మొదటి వారం. సాయంత్రం స్టడీ అవర్‌కు వచ్చే లెక్కల సార్ బోర్డు మీద 3, 5, 17, 257, 65537 అని రాశారు. 2ను 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి, ఒక్కోదానికి 1 కలిపితే వచ్చేవి ఇవి. అయిదూ ప్రధాన సంఖ్యలే. తర్వాతది 2 ఘాతం 32కు 1 కలపగా వచ్చే మన పదంకెల సంఖ్య. ఈ వరుసలో అన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మాడట. "నిజమో కాదో మీరే తేల్చండి" అని సార్ సైకిలెక్కి వెళ్లిపోయారు.

చివర 7 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 59, కనుక 3 పోదు. 7తో భాగిస్తే 5 మిగిలింది. పాత నోటుబుక్కుల అట్టలు కూడా నిండిపోయాయి. 100 దాటేసరికే చేతులు నొప్పి. ఇలా 65536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో చూడాలంటే పబ్లిక్ పరీక్షలు అయిపోతాయి!

మాలో ఒకడు మాత్రం ఇందులోకి రాలేదు. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో 19 మార్కులొచ్చాయి వాడికి. సంక్రాంతికి ఇంటికెళ్లి ఇక రానని ట్రంకు పెట్టెకు తాడు కట్టేసుకున్నాడు. నిజం చెప్పాలంటే మేమూ వాణ్ణి పిలవలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో రోజు సార్ ఆయిలర్ దారి చెప్పారు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది 64 గుణిజానికి 1 కలిపినదే అయ్యుండాలి. అంటే 193, 257, 449, 577, 641... ఇలా చూస్తే చాలు. ప్రాణం లేచొచ్చింది. 193తో భాగిస్తే 109 మిగిలింది. 257తో 2! ఆ రెండును చూసి ఎంత ఉసూరుమన్నామో. 449, 577 కూడా పోలేదు. 641తో చేస్తే 359 మిగిలింది. ఫెర్మాయే గెలిచాడని పుస్తకాలు మూసేశాం.

దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు ఎప్పుడు లేచాడో, మా కాగితం తీసుకుని చూస్తున్నాడు. కాసేపటికి, "2672లోంచి 2564 పోతే 118 కాదురా, 108" అన్నాడు.

అక్కణ్ణించి వాడి చేతే చేయించాం. 1089, 448, 4487. శేషం సున్నా! భాగఫలం 6700417. అది కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి మన పదంకెల సంఖ్య సంయుక్త సంఖ్య. 1ని, తనను కలుపుకున్నా దానికి కారణాంకాలు నాలుగే. ఆయిలర్ దీన్ని 1732లోనే తేల్చేశాడు. 65537 తర్వాత ఆ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఈనాటికీ దొరకలేదు.

వాడు ట్రంకు తాడు ఎప్పుడు విప్పాడో మేం చూడలేదు. సెలవులయ్యాక మొదటి బస్సుకే అరిసెల డబ్బాతో దిగాడు. పెట్టే ముందు మా చేత లెక్క చేయించాడు. అరిసెలు 41, మేం 13 మందిమి. తలా మూడు, శేషం 2. ఆ రెండూ వాడే తిన్నాడు.