సాన్ దెనీలో ఒక కమాను, ఒక కూజా

పారిస్ నగరానికి ఉత్తరాన ఉన్న సాన్ దెనీకి మేము మెట్రో రైలులో వెళ్ళాము. స్టేషను వెలుపల హలాల్ దుకాణాలు, చెవిన పడే అరబీ మాటలు పరాయి ఊరన్న భావాన్ని కొంత తగ్గించాయి. నాలుగు అడుగులు వేయగానే ఫ్రెంచి రాజుల సమాధులున్న ప్రాచీన చర్చి ఎదురైంది. దాని ముఖభాగాన ఒక్కటే గోపురం. రెండవదానిని 19వ శతాబ్దంలో విప్పివేశారు.

మమ్మల్ని వెంట తీసుకువెళ్ళినవాడు మా పూర్వ విద్యార్థి. అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. లోపలికి అడుగు పెట్టగానే పైకి చూపి, "హజ్రత్, ఈ మొనదేలిన కమాను మనవాళ్ళదే కదా! తరగతిలో మీరే చెప్పారు" అన్నాడు. చెప్పిన మాట నిజమే. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాము.

ఐరోపాలో గోతిక్ శిల్పరీతి పుట్టిన చోటుగా ఈ చర్చినే పేర్కొంటారు. ఆ పేరు తరువాతి కాలపు ఇటలీ రచయితలు ఈసడింపుగా పెట్టినది. గోత్ జాతికి ఈ నిర్మాణాలతో సంబంధమే లేదు. మఠాధిపతి సూజే సామాన్య కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే మఠానికి అప్పగింపబడినవాడు. ఆయన కట్టించిన తూర్పు భాగం 1144లో ఏడవ లూయీ రాజు సమక్షంలో ప్రారంభమైంది. అక్కడ నిలబడితే గోడ ఏదీ అనిపిస్తుంది! మొనదేలిన కమాను బరువును పక్కలకు తక్కువగా, కిందికి ఎక్కువగా దింపుతుంది. కప్పు కింద ఒకదానినొకటి దాటే రాతి పక్కటెముకలు ఆ బరువును స్తంభాలకు చేరుస్తాయి. గోడకు మోసే పని తగ్గడంతో దాని స్థానంలో రంగు గాజు వచ్చింది. కిటికీలలోని బొమ్మల విషయంలో మన దృష్టి వేరు. వెలుగును మాత్రం కాదనలేము.

ఆ కిటికీలలో ఒకదానిలో సూజే తన రూపాన్నీ, పేరునూ వేయించుకున్నాడు. నిర్మాణం గురించి గ్రంథం కూడా రాశాడు. అయితే రాళ్ళు నిలబెట్టిన మేస్త్రీ పేరు అందులో ఎక్కడా లేదు. నూరేళ్ళ తరువాత పారిస్‌లోని నోత్ర్ దామ్ గోడపై జాన్ ద షెల్ అనే మేస్త్రీ పేరు చెక్కారు.

ఇక కమాను సంగతి. కైరోలోని ఇబ్ను తూలూన్ మస్జిద్ హిజ్రీ 265లో (క్రీ.శ. 879) పూర్తయింది. అందులో మొనదేలిన కమానులు వరుసలుగా ఉన్నాయి. ఇది సాన్ దెనీ కంటే రెండున్నర శతాబ్దాలు ముందుది. ఇంగ్లండు వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కూడా 1713లో ఈ రీతి ముస్లిముల నుంచి వచ్చిందనే రాశాడు. కాని కైరో నుంచి ఫ్రాన్సు దాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూపే సనద్ లేదు. పైగా కమానునూ, పక్కటెముకలనూ, గాజునూ ఒకే కట్టడంగా కూర్చిన పని అక్కడి మేస్త్రీలదే. హదీసు చెప్పేటప్పుడు సనద్ అడిగే మేము ఇక్కడ అడగడం మరిచాము. ఆ మాటే అతనితో అన్నాము.

మరునాడు లూవ్ర్ మ్యూజియంలో సాన్ దెనీ నిధిలోని స్ఫటికపు కూజా చూశాము. దాని పీఠంపై సూజే చెక్కించిన అక్షరాలున్నాయి: మితాదోలుస్ అనే వ్యక్తి నుంచి ఎలియనోర్ రాణి తాతకు, వధువుగా ఆమె నుంచి లూయీకి, రాజు నుంచి తనకు, తన నుంచి చర్చికి. ఆ మొదటి వ్యక్తి అందలూస్‌లోని సరఖుస్తా పాలకుడు ఇమాదుద్దౌలా అని పండితుల అభిప్రాయం. అదే లూయీ 1147లో సాన్ దెనీ నుంచే జెండా అందుకుని సిలువ యుద్ధానికి బయలుదేరాడు. మరుసటి ఏడు దమిష్క్‌ను ముట్టడించి, విఫలుడై వెనుదిరిగాడు.

మా విద్యార్థి పీఠం దగ్గర వంగి, "హజ్రత్, దీనికి సనద్ ఉంది" అన్నాడు.