మురుగమల్లలో పూలు

చింతామణి తాలూకాలో మురుగమల్ల అనే ఊరు ఉంది. 2007 వరకు ఆ సీమ కోలారు జిల్లాలో ఉండేది. ఆ ఏడు చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. కచేరీ కాగితాలు కన్నడంలో నడిచినా, సంతలో బేరాలూ ఇంట్లో కీచులాటలూ చాలామందికి తెలుగులోనే. ఊరికి పేరు తెచ్చింది అమ్మాజాన్, బావాజాన్ దర్గా. ముస్లిములూ హిందువులూ కూడా అక్కడికి మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు.

వచ్చేవారి చేతుల్లో చక్కెర, ఊదువత్తులు, వీటన్నిటికంటె ముందు పూలు. పూలకు ఆ ప్రాంతంలో కరువు లేదు. చిక్కబళ్ళాపురం చుట్టుపట్ల రైతులు గులాబీ, చామంతి, బంతి విరివిగా వేస్తారు. ముజావరు చదివింపులు చేసి పూలను సమాధి మీద పరుస్తాడు. అక్కడినుంచే గుప్పెడు రేకులు తీసి తిరిగి మన చేతిలో పెడతాడు. బొట్టు పెట్టుకున్న ఇల్లాలు వాటిని కొంగున ముడివేసుకుంటుంది. తిరుపతి ప్రసాదాన్ని తెచ్చుకున్నంత భద్రంగానే ఇంటికి తెచ్చుకుంటుంది.

పూలు ఎందుకని అడిగితే తెలిసినవారు ఒక హదీసు చెబుతారు. ప్రవక్త ఒకనాడు రెండు సమాధుల పక్కగా పోతూ, పచ్చి ఖర్జూరపు మట్టను రెండుగా చీల్చి చెరొకదాని మీద నాటారట. అవి ఎండిపోనంతవరకు లోపలివారి బాధ తగ్గుతుందని ఆశ. దానినిబట్టి పూలు వేయడం తగదనే పండితులు కూడా ముస్లిములలో ఉన్నారు. వారి వాదం వారిది. పూలమ్మే అవ్వకు మాత్రం ఆ తగాదా పట్టినట్టు లేదు.

అదే తాలూకాలో కైవారం ఉంది. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నారాయణ తాతయ్య సమాధి అక్కడే. గాజులమ్ముకొని బతికిన మనిషి. 1836లో సమాధి అయ్యాడని చెబుతారు. ఆయనకూ దండలకు లోటు లేదు.

మహాత్ముల సంగతి సరే, మరి మన తాతముత్తాతల మాటేమిటి?

ఈ విషయంలో క్రైస్తవుల ఏర్పాటు నాకు నచ్చింది. ఆంధ్రదేశంలో ఈస్టరు నాడు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ సమాధుల తోటకు వెళతారు. అంతకుముందే గడ్డి పీకి, సున్నం వేయించి ఉంచుతారు. కొవ్వొత్తులు వెలిగించి పూలు పెడతారు. మార్చి 22కూ ఏప్రిల్ 25కూ నడుమ ఏదో ఒక ఆదివారం వస్తుంది గనుక, దూరాన ఉన్నవారు కూడా ముందే టిక్కెట్టు కొనుక్కోవచ్చు. సువార్తలలో మొదటి ఈస్టరు ఉదయాన ఆడవాళ్ళు సమాధికి తీసుకుపోయినవి పూలు కావు, సుగంధద్రవ్యాలు. యోహాను సువార్తలో మాత్రం మగ్దలేనే మరియ లేచివచ్చిన ప్రభువును చూచి తోటమాలి అనుకుంటుంది. ఆ సమాధి తోటలోనే ఉంది మరి.

ముస్లిములకు షబేబరాత్ రాత్రి ఉంది. మనకు మహాలయ అమావాస్య ఉంది. అయితే దహనం చేసినవారికి సమాధి ఉండదు, ఏటి ఒడ్డునో ఇంట్లోనో తర్పణంతో సరి. పూడ్చే ఆచారం ఉన్న కుటుంబాలవారికి పొలం గట్టున పెద్దల గోరీలు ఉంటాయి. పిల్లలు బెంగుళూరులోనో అంతకంటె దూరానో స్థిరపడ్డాక అక్కడ తుమ్మచెట్లు మొలుస్తాయి. పొలం అమ్మేటప్పుడు గాని ఆ మూల ఎవరున్నారో గుర్తుకు రాదు. కొన్నవాడు ఆ రాళ్ళు తొలగించమంటే, అప్పుడు అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూచుకుంటారు. ఇది నేను ఒక ఊళ్ళో చూచినదే గాని, ఒక్క ఊరి సంగతి కాదు.

బెంగుళూరు నుంచి హొసకోట మీదుగా చింతామణికి బస్సులు ఉన్నాయి. అక్కడినుంచి మురుగమల్లకు వెళ్ళవచ్చు. ఉరుసు రోజుల్లో నిలబడటానికి చోటుండదు, పిల్లలతో వెళ్ళేవారు మామూలు రోజు చూచుకోవడం మేలు. దారిలో మీ పెద్దల ఊరు తగిలేటట్టయితే, పూలు ఇంకో రెండు మూరలు ఎక్కువ తీసుకోండి.