ఉప్పు, చక్కెర కలిసి నడిచే ద్వారం

ఇంట్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయంటే పెద్దల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: “కడుపుకు కాస్త విశ్రాంతినివ్వండి.” పాలు మాన్పిస్తారు, అన్నం ఆపుతారు, కొందరు నీళ్లు కూడా తగ్గిస్తారు. ఈ మాట వెనుక ఉన్నది ప్రేమే. అయితే ఆ గడియలో చిన్నప్రేగు లోపల ఏం జరుగుతోందో తెలుసుకుంటే, ప్రేమ చేయవలసిన పని వేరని అర్థమవుతుంది.

పెద్దవారిలో చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి గోడ నున్నగా ఉండదు. ముందు వలయాకారపు మడతలు. ఆ మడతల మీద మఖ్మల్ గుడ్డకు నూగులా, మిల్లీమీటరుకు మించని వేళ్ల వంటి నిర్మాణాలు. వీటినే ఆంత్రచూషకాలు అంటారు. ప్రతి చూషకాన్నీ ఒకే ఒక్క వరుస కణాలు కప్పి ఉంచుతాయి. ఒక్కొక్క కణం పైభాగాన మళ్లీ వేల సూక్ష్మచూషకాలు! వాటిని విడివిడిగా చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. ఇదంతా విప్పి పరిస్తే టెన్నిస్ మైదానమంత అవుతుందని పాత పుస్తకాలు రాసేవి. 2014లో స్వీడన్ పరిశోధకులు తిరిగి లెక్కగట్టి, సుమారు 30 చదరపు మీటర్లని తేల్చారు. ఒక మనిషి పొట్టలో ఆ మాత్రం చోటు ఇమడటమూ సామాన్యమైన సంగతి కాదు.

ప్రతి చూషకం నడుమ సన్నని రక్తనాళాలు, ఒక శోషరసనాళం ఉంటాయి. చక్కెర, మాంసకృత్తుల సారం రక్తంలో కలిసి కాలేయానికి చేరుతాయి; కొవ్వులో అధికభాగం శోషరసనాళం దారి పడుతుంది. మనం తాగే నీరు, నోటి లాలాజలం, జఠరరసం, పైత్యరసం అన్నీ కలిపి రోజుకు 8 లేక 9 లీటర్ల ద్రవం ఈ ప్రేగులోకి వస్తుంది. అందులో చాలాభాగాన్ని ఈ గోడే తిరిగి ఒంటికి అప్పగిస్తుంది. ఈ కణాల ఆయుష్షు 3 నుండి 5 రోజులే. చూషకాల మొదట ఉన్న గుంటల్లో కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి ఎగబాకి, కొనకు చేరి రాలిపోతాయి.

రోటావైరస్ దాడి చేసేది చూషకాల మీది పక్వమైన కణాలనే. కలరా దారి వేరు. అది కణాలను చంపదు. గుంటల్లోని కణాలు ఉప్పునూ నీటినీ ఆపకుండా బయటికి కుమ్మరించేలా చేస్తుంది. అయినా ఒక ద్వారం తెరిచే ఉంటుంది. చూషకాల కణాలపై ఉన్న ఒక వాహకం సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకుంటుంది; వాటి వెంట నీరు నడుస్తుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్ నగరంలో ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించారు. కలరాలో సైతం ఈ ద్వారం మూతపడదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని సిద్ధం చేయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కన్నా తక్కువకు దిగాయి.

మా ఇంట 11 నెలల బాబుకు విరేచనాలు మొదలైనప్పుడు, తోడికోడళ్లం ఇద్దరం గిన్నె, చెంచా పట్టుకుని వంతులవారీగా కూర్చున్నాము. మా అత్తగారు భయపడ్డారు. “పోసేకొద్దీ పోతోంది కదమ్మా, ఆపండి” అన్నారు. ఆమె చూసింది అబద్ధం కాదు. ఆ నీరు విరేచనాలను ఆపదు. పోయినదాన్ని తిరిగి నింపుతుంది. ఆమె భయానికి కారణం మాకు తెలుసు. ఎన్నో ఏళ్ల క్రితం ఆమె రెండవ బిడ్డ ఇదే జబ్బుతో, నోరెండిపోయి, ఆమె ఒడిలోనే కన్నుమూశాడు. నీళ్లు ఇవ్వవద్దని అప్పుడు చుట్టూ ఉన్న పెద్దలందరూ చెప్పారు. మేము ఆ ద్వారం సంగతి మెల్లగా వివరించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మా చేతిలోని చెంచా తీసుకుని, “ఇక మీరు పడుకోండి” అన్నారు. తెల్లవారేసరికి బాబు మూత్రం పోశాడు. అల్‌హమ్దులిల్లాహ్!

సోదరీమణులారా, ఓఆర్ఎస్ ప్యాకెట్టును దానిపై రాసినంత నీటిలోనే కలపాలి. అది లేనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు; చెంచా టీచెంచాయే కావాలి. చక్కెర మితిమీరితే ప్రేగు నీటిని తనలోకే లాగుతుంది; అందుకే శీతల పానీయాలు పనికిరావు. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, మళ్లీ కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు, అలవాటైన ఆహారం మానరాదు. వైద్యులు చెప్పిన జింకు మందును పూర్తిగా 14 రోజులు వేయాలి. బిడ్డ మత్తుగా పడివున్నా, కళ్లు గుంటలు పడినా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

పసివారికి రోటావైరస్ టీకా నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తున్నారు. తప్పక వేయించండి. జబ్బు వచ్చినా, గుంటల్లో పుట్టే కొత్త కణాలు కొన్నాళ్లలో పైకి చేరి గోడను తిరిగి నిలబెడతాయి. అంతవరకు ఒంట్లో నీరు నిలపడమే మన చేతిలోని చెంచా పని.