పిన్ని రంగు

స్లైడ్ అంటే ఇప్పటి పిల్లలకి పార్కులో జారుడుబల్ల. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళకి, మీటింగులో కునుకు తెప్పించే కంప్యూటర్ బొమ్మ. మా ఇళ్ళలో మాత్రం అది అట్టచట్రంలో బిగించిన చిన్న ఫిల్ముముక్క. అంగుళంన్నర పొడుగు, అంగుళం వెడల్పు. కిటికీకి పెట్టి చూస్తే లోపల రంగురంగుల మనుషులు నవ్వుతూ వుంటారు. అమెరికా చుట్టాలు వచ్చినప్పుడు గోడకి తెల్లపంచె కట్టి, దీపాలార్పి, నయాగరా చూపించేవారు. పదోసారి నయాగరా చూసేసరికి మాకు నిద్రొచ్చేది. అది వేరే సంగతి.

అలాంటి ఫిల్ము కొనాల్సిన పని పోయినేడు నాకు పడింది. మా పిన్నికి డెబ్భై నిండాయి. పట్టుచీర కొంటానంటే వద్దంది. "నాకో ఫోటో తియ్యవే. ఆ అద్దంబిళ్ళ లాంటిది" అంది.

మా పిన్ని నలుపు. చామనఛాయ అని అమ్మమ్మ అంటూండేది గాని అది పెళ్ళిచూపుల భాష. 1974లో పిన్ని పెళ్ళి ఫోటో నలుపు తెలుపుల్లో తీసి, స్టూడియోలో చేత్తో రంగులు దిద్ది ఇచ్చారు. ఆ దిద్దినాయన ఎవరో గాని మహా దయగలవాడు. ముఖానికి గులాబిరంగు, బుగ్గలకి ఇంకాస్త గులాబిరంగు పూసేశాడు. ఆ ఫోటో యాభై యేళ్ళుగా హాల్లో వేలాడుతోంది. కొత్తవాళ్ళెవరైనా ఎవరండీ అనడిగితే పిన్ని తడుముకోకుండా "మా ఆయన మొదటి పెళ్ళాం" అంటుంది. అందరూ నవ్వుతారు. పిన్ని నవ్వగా నేను చూళ్ళేదు.

1981లో బాబాయి అన్నగారు అమెరికా నుంచి ఒక కోడాక్రోమ్ రోలు తెచ్చారు. పిన్నిని తులసికోట పక్కన నిలబెట్టి తీసి, వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి అక్కడే కడిగించి పంపారు. పసుపుపచ్చ చీర, ముక్కున ఎర్రరాయి, ముఖం పిన్ని ముఖమే. ఒక పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ ముక్క చీరల పెట్టెలో అడుగున వుంది. నలభై నాలుగేళ్ళయినా రంగు చెక్కుచెదరలేదు. చీకట్లో దాచుకుంటే కోడాక్రోమ్‌ని మించిన రంగు ఫిల్ము లేదని ఫోటోగ్రాఫర్లు అంటారు. మాటిమాటికీ ప్రొజెక్టరు దీపం ముందు పెడితేనే అది వెలిసిపోతుంది. నయాగరాకి పట్టిన గతి పిన్నికి పట్టలేదన్నమాట.

"చేతిలో ఫోనుండగా ఇదంతా దేనికమ్మా?" అంటారు మీరు. మా వాళ్ళూ అన్నారు. ఫోను మనం అడక్కుండానే ముడతలు తీసి, నునుపు చేసి, నాలుగు పాళ్ళు తెలుపు కలుపుతుంది. స్టూడియో ఆయన కనీసం డబ్బు పుచ్చుకుని కలిపాడు. పోనీ మామూలు నెగటివ్ ఫిల్మయితే? అచ్చువేసేటప్పుడు రంగు తేల్చేది మనం కాదు, లాబువాళ్ళు. ఆ రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ కంపెనీ లాబులకి పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లదొరసాని బొమ్మే వుండేది. మొదటి అమ్మాయి పేరునిబట్టి వాటికి షర్లీ కార్డులని పేరు. ఆవిడ బుగ్గలు బాగా వస్తే లోకంలో రంగులన్నీ సరిగ్గా వున్నట్టే! నల్లవాళ్ళు కూడా వున్న కార్డు రావడానికి 1990ల దాకా ఆగాల్సొచ్చింది.

స్లైడులో ఈ మధ్యవర్తులు లేరు. కెమెరాలో ఏ ఫిల్ము పిన్ని ఎదుట నిలబడిందో, కడిగాక ఆ ఫిల్మే మన చేతికొస్తుంది. దిద్దేందుకు చోటు లేదు. అందుకే ఏ రోలు కొనాలన్నది ముందే తేల్చుకోవాలి.

చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద నమ్మకుండా, షాపువాడు గొణుగుతున్నా గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూస్తామా, ఈ ఫిల్ములదీ అదే మర్యాద. ఇప్పుడొచ్చేవి పగటి వెలుతురుకి తయారుచేసినవి. మామూలు బల్బు కింద తీస్తే అంతా నారింజపండు, పాతకాలం ట్యూబులైటు కింద తీస్తే పాచిరంగు.

ముందు కోడాక్రోమ్ కోసమే వెతికాను. లేదు. 1930ల్లో దాన్ని కనిపెట్టిన ఇద్దరూ సంగీతం వాళ్ళు. ఒకాయన పియానో, ఇంకొకాయన వయొలిన్. ఆ ఫిల్ములో రంగులు ముందుగా వుండవు. కడిగేటప్పుడు ఒక్కొక్కటే ఎక్కించాలి. అంత తతంగం చేసే లాబులు ఒకటొకటే మూతపడ్డాయి. 2009లో కంపెనీ తయారీ ఆపేసింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్నవూళ్ళో మిగిలిన ఆఖరి లాబు 2010 డిసెంబరు 30తో రోళ్ళు తీసుకోవడం మానేసింది. మన దేశాన్ని రంగుల్లో చూపించిన రఘుబీర్ సింగ్ వాడిన ఫిల్మిది. ఇప్పుడెక్కడో పాతరోలు దొరికినా ఆ రంగులతో కడిగిచ్చే లాబు లేదు.

ఫోటోలు తీసే స్నేహితురాలొకావిడ తన స్లైడులు మూడు రకాలవి ఇచ్చింది. వారం రోజులు వంటింటి కిటికీకి పెట్టి చూశాను. ఫ్యూజీవారి వెల్వియా 1990లో వచ్చింది. కొండలూ, పొలాలూ, సూర్యాస్తమయాలూ దానిమీద చూడాలి! ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే. కాని మనుషుల ముఖాలు తీస్తే ఎర్రబారతాయి. పిన్నికి మళ్ళీ బుగ్గలరంగు పూయించడం నాకిష్టం లేదు. అదే కంపెనీ ప్రొవియా పెద్దమనిషి తరహా, అతి చెయ్యదు. అయితే నీడలో తీసిన బొమ్మల్లో కాస్త నీలం పొడ కనబడింది. నేను తీయబోయేది వసారా నీడలో. మిగిలింది కోడాక్‌వారి ఎక్టాక్రోమ్ ఇ100. 2012లో ఆపేస్తున్నామని చెప్పి, జనం గోల పెట్టగా 2018లో మళ్ళీ అమ్మకానికి తెచ్చారు. తెలుపు తెలుపుగా వుంది, నలుపు నలుపుగా వుంది. అదే తెప్పించాను. ఓ మాదిరి నేతచీర ఖరీదు పెట్టి ముప్ఫయ్యారు బొమ్మలు!

కెమెరా బాబాయిది. అందులో మీటరనేది వుంటుంది, వెలుతురు ఎంతో చెప్పేది. దాని తత్వం విచిత్రం. ఏది చూసినా నడిమి బూడిదరంగు కావాలంటుంది. తెల్లగోడ చూపిస్తే నల్లబరుస్తుంది. నల్లముఖం చూపిస్తే తెల్లబరుస్తుంది. యంత్రానిదీ పెళ్ళిచూపుల బుద్ధే! నెగటివ్ అయితే వెలుతురు రెండింతలు ఎక్కువైనా ఓర్చుకుంటుంది. స్లైడు అర స్టాపు తేడాకే మొహం చిట్లిస్తుంది. అంచేత పిన్ని ముఖం దగ్గర మీటరు చూసి, అది చెప్పినదానికన్నా అర స్టాపు తగ్గించి కొన్నీ, ఒక స్టాపు తగ్గించి కొన్నీ తీశాను. ఇరవయ్యో బొమ్మకి పిన్ని, "ఇంకెన్నే తల్లీ, పొయ్యిమీద పప్పుంది" అని కేకలేసింది. ఆ కేకలేస్తున్న బొమ్మే బాగా వచ్చిందని తరవాత తేలింది.

మా వూళ్ళో కడిగేవాళ్ళు లేరు. ఇ-6 అనే పద్ధతి, మొదటి మందునీళ్ళు కచ్చితంగా 38 డిగ్రీల వేడిలో వుండాలి. పోస్టులో పంపి మూడు వారాలు ఎదురుచూశాను. కడిగినవి రాగానే పట్టుకుని వెళ్ళాను. పిన్ని కళ్ళజోడు సవరించుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. పెట్టెలోంచి పాతది కూడా తీయించి, రెండో చేత్తో పట్టుకుని మార్చి మార్చి చూసింది.

"జుట్టు తెల్లబడింది. అది తప్ప అంతా అదే" అంది.

మనవడు పక్కనుంచి ఫోనుతో ఆ స్లైడుని ఫోటో తీసి అందరికీ పంపించేశాడు. నిమిషంలో చెన్నై నుంచి మెచ్చుకోళ్ళు. అమ్మమ్మ ఎంత తెల్లగా వుందో అని ఎవరో రాశారు. పిన్ని ఫోను తీసుకుని చూసింది. ఏమీ అనలేదు. వాడి ఫోను వాడికిచ్చి, స్లైడుని మెత్తటి గుడ్డలో చుట్టి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.